మస్కట్‌కి రిహార్సల్

మా ఆవిడ నీలవేణికి మస్కట్ బదిలీ అయిందన్న కబురు జనవరి మొదటి సోమవారం వచ్చింది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే ఊళ్లో, నీళ్లు శుద్ధిచేసే యంత్రాల కంపెనీలో ఆమె పదేళ్లుగా ఇంజనీరు. సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసేసే వడపోత గొట్టం ఒకటి ఆమె చేతుల మీదుగా తయారైంది. ఆ గొట్టాలు పెట్టి మస్కట్ దగ్గర సముద్రం ఒడ్డున పెద్ద ప్లాంటు కడుతున్నారు. ఏప్రిల్ పదో తారీకున నీళ్లు వదలాలి. మూడేళ్లు అక్కడే ఉండి దాన్ని నడపడానికి నీలవేణే రావాలని మస్కట్ వాళ్లు పట్టుబట్టారు. పని వీసాలు కూడా పంపేశారు.

నా పేరు కోటేశ్వరరావు. అదే ఊళ్లో ట్రామ్ నడుపుతాను. మాది పల్నాడులో రెంటచింతల. ఎండాకాలంలో టీవీ వార్తలు చదివేవాళ్లు తప్ప మా ఊరి పేరు బయటివాళ్లెవరూ పెద్దగా పలకరు. నీలవేణిది కొత్తగూడెం, బొగ్గుబావుల ఊరు. మా అమ్మాయి ఇందుజ మాత్రం గోథెన్‌బర్గ్‌లోనే పుట్టింది, తొమ్మిదేళ్లది.

"పోదామా మరి?" అన్నాను ఆ సాయంత్రం.

"పోక? నేను చేసిన గొట్టం ఇంకెవడో తిప్పుతుంటే నేనీడ కూసోని చూడాల్నా?" అంది నీలవేణి.

అంతే, నిర్ణయం అయిపోయింది. నేను ట్రామ్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. తొమ్మిదేళ్లు క్యూలో నిలబడితే దొరికిన అద్దె ఇంటిని జనవరి ఆఖరుకి ఖాళీ చేస్తామని రాసిచ్చాను. ఆ ఊళ్లో అలాంటి ఇల్లు వదులుకున్నవాణ్ణి మనుషులు జాలిగా చూస్తారు. ఇందుజ క్లాసు పిల్లలందరూ కార్డు మీద సంతకాలు పెట్టి వీడ్కోలు చెప్పేశారు.

అప్పుడు నీలవేణి కంపెనీలోని తరలింపు సంసిద్ధతా విభాగం నుంచి పిలుపు వచ్చింది.

ఆ విభాగానికి అధిపతి గునిల్లా అనే ఆవిడ. చాలా మర్యాదస్తురాలు. ముందు మాకు కాఫీ, దాల్చినచెక్క బన్ను పెట్టింది. ఆ దేశంలో కాఫీ తాగకుండా ఏ నిర్ణయమూ జరగదు. తాగాక కూడా చాలామటుకు జరగదు. ఆవిడ మాట్లాడింది స్వీడిష్‌లోనే గానీ, దాన్ని తెలుగులో చెప్పాలంటే మన కలెక్టరాఫీసు భాష తప్ప వేరే దారి లేదు.

"గత సంవత్సరం ఒక కుటుంబాన్ని మేము చిలీ దేశానికి తరలించడమైనది," అంది. "పంతొమ్మిది రోజులలో వారు తిరిగివచ్చినారు. వారి పిల్లికి అచ్చట సరిపడలేదు. దీనిపై విచారణ సంఘమును నియమించగా, ఆ సంఘము నాలుగు వందల పుటల నివేదిక సమర్పించినది."

"ఏమని?" అన్నాను.

"పిల్లికి ముందుగా తెలిసియుండవలసినదని."

ఆ నివేదిక మీద కొత్త నియమం పుట్టింది. ఒక దేశంలో బతికిన అనుభవం లేని కుటుంబాన్ని ఆ దేశానికి పంపకూడదు.

"పంపకుండా అనుభవం ఎట్లా వస్తుంది?" అంది నీలవేణి.

గునిల్లా మొహం వెలిగిపోయింది. సరైన ప్రశ్న అడిగిన విద్యార్థిని చూసినట్టు చూసింది. "ఆ అంతరమును పూరించుటయే మా విభాగపు ధ్యేయము. ఆరు వారముల పాటు మీరు తరలింపు పూర్వాభ్యాసము చేయుదురు."

తేలిగ్గా చెప్పాలంటే రిహార్సల్. మాకు పిల్లి లేదని చెప్పాను. అది కూడా రాసుకుంది.

ఫిబ్రవరి ఒకటిన సామానుతో సహా మమ్మల్ని బస్సెక్కించారు. గంట ప్రయాణం. ఏదో చిన్న ఊరు, నాలుగంతస్తుల భవనం, మూడో అంతస్తులో ఒక ఫ్లాటు. తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద 'మస్కట్' అని చెక్కి ఉంది. బయట మైనస్ ఎనిమిది డిగ్రీలు. గునిల్లా తాళం తీసి తలుపు తోసింది.

లోపల నలభై మూడు.

గది గదికీ హీటర్లు. పైకప్పు నుంచి సూర్యుడి బదులు పెద్ద పసుప్పచ్చ దీపం. గోడ నిండా ఇసుక దిబ్బల బొమ్మ. ఆ వడగాలి మొహానికి కొట్టగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గునిల్లా వెంటనే ఫారంలో ఏదో రాసుకుంది. అవి బాధతో వచ్చినవి కావని చెప్పాను. కొట్టేసింది.

"మస్కట్‌లో ఇంటింటికీ ఏసీ ఉంటదండీ," అంది నీలవేణి.

"ఏసీ అనునది పరిష్కారము," అంది గునిల్లా నుదురు తుడుచుకుంటూ. "మేము సమస్యను మాత్రమే అభ్యాసము చేయింతుము."

ఆవిడ వెళ్లిపోయాక నేను స్వెట్టరు, దాని కింద చొక్కా, దాని కింద ఇంకో చొక్కా విప్పి, పెట్టె అడుగున ఉన్న లుంగీ తీసి కట్టాను. బకెట్టుతో నీళ్లు తెచ్చి నేల తడిపాను. తడినేల మీద వెల్లకిలా పడుకుంటే పదకొండేళ్ల చలి నడుములోంచి దిగిపోయినట్టయింది. నీలవేణి ఆ పసుపు దీపం వంక కాసేపు చూసి, వంటింట్లోకి వెళ్లి పిండి కలపడం మొదలుపెట్టింది. మర్నాటికి దీపం కింద తెల్లగుడ్డ పరిచి రెండు గజాల మేర వడియాలు పెట్టింది. స్వీడన్‌కి వచ్చాక ఆవిడ వడియాలు పెట్టడం అదే మొదటిసారి.

ఇందుజకే మూడు రోజులు చిరాకనిపించింది. నాలుగో రోజు మేజోళ్లు లేకుండా నడవడం అలవాటైంది. నా పక్కన నేల మీద పడుకుని అడిగింది.

"నాన్నా, నీ చిన్నప్పుడు రోజూ ఇట్లానే ఉండేదా?"

"రోజూ కాదమ్మా. ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ ఉండేది."

"మరి బడికి ఎట్లా పోయేవాడివి?"

"ఒంటిపూట బడి కదా. ఇంటికొచ్చేప్పుడు నీడ దొరికిన చోటల్లా ఆగుతా, పరిగెత్తుతా వచ్చేవాణ్ణి."

తొమ్మిదేళ్లలో నా ఊరి గురించి ఆ పిల్ల అన్ని ప్రశ్నలు అడగడం నేనెరగను. మంచు కురిసే కిటికీ పక్కన కూర్చుని చెబితే అర్థం కాని సంగతులన్నీ అక్కడ చెమట పట్టిన పిల్లకి ఇట్టే అర్థమయ్యాయి.

మా బాధలు నమోదు చేయడానికి ఓలా అనే పరిశీలకుణ్ణి నియమించారు. ముప్పయ్యేళ్లవాడు, నెమ్మదైన మనిషి. మొదటిరోజు ఉన్నికోటుతో వచ్చి నాలుగు నిమిషాలు ఉన్నాడు. రెండోరోజు ఏడో నిమిషంలో కింద పడ్డాడు. నీలవేణి తడి తువ్వాలు నెత్తిన వేసి, అల్లం, ఉప్పు వేసిన మజ్జిగ పట్టించింది. మూడోరోజు నిక్కరుతో వచ్చాడు. నాలుగోరోజు నుంచి సరిగ్గా మా భోజనం వేళకి రావడం మొదలుపెట్టాడు.

అతని ఫారంలో నలభై రెండు లక్షణాలున్నాయి. చిరాకు, ఆకలి మందగించుట, అకారణ రోదన, ఇట్లా. అన్నిటికీ 'లేదు' అని రాసుకుంటూ వెళ్లి, "మాతృదేశంపై బెంగ?" అన్నాడు.

"ఈ వారం బాగా తగ్గింది," అన్నాను.

మూడో వారం గునిల్లా మమ్మల్ని మళ్లీ పిలిపించింది. కాఫీ ఇచ్చింది గానీ మొహంలో నవ్వు లేదు.

"మీ నివేదిక ఆందోళనకరముగా ఉన్నది. కొత్త దేశమునకు వెళ్లిన కుటుంబమునకు సాంస్కృతిక ఘాతము తగులవలెను. మూడవ వారమునకు కనీసము మూడవ స్థాయి ఘాతము నమోదు కావలెను. మీకు సున్న."

"కల్చర్ షాకా? తగల్లేదు మరి," అన్నాను.

"తగలకపోవుట అనునది ఉండదు. నమోదు కానిచో అది లోపల దాగియున్నదని అర్థము. దాగిన ఘాతము మిక్కిలి ప్రమాదకరము."

నీలవేణి ఓపిగ్గా చెప్పింది. "మేడమ్, మేమిద్దరం ఇంతకన్నా వేడి ఊళ్లలో పుట్టినం. మాకిది కొత్త కాదు."

గునిల్లా చెయ్యెత్తి ఆపింది. "అది మీ వ్యక్తిగత నేపథ్యము. పుట్టిన ప్రదేశమును బట్టి వివక్ష చూపుట మా విలువలకు విరుద్ధము. ప్రక్రియ అందరికీ సమానము. మీకు కూడా ఘాతము పొందు హక్కు కలదు."

మా హక్కును కాపాడటానికి వేడిని నలభై ఏడుకి పెంచారు. గోడమీది ఇసుక దిబ్బలు జిగురు వదిలి చుట్టుకుపోయాయి. ఓలా కలాల్లో సిరా కారిపోయి అతను పెన్సిలుకి మారాడు. పై అంతస్తులో ఉండే ముసలావిడ కిటికీలోని టమాటా మొక్క ఫిబ్రవరిలో పూత పట్టింది. ఆవిడ కంపెనీకి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాసింది. మా వడియాలు మాత్రం ఒక్కపూటలో ఎండసాగాయి.

ఇందుజే ఉపాయం చెప్పింది. "మనం నటిద్దాం. నాన్న అరవాలి, అమ్మ ఏడవాలి, నేను అన్నం తినను."

మర్నాడు ఓలా రాగానే నేను కంచం పక్కకి తోసి, "ఈ ఎండలో నేనుండలేను! ఇదేం బతుకు!" అని అరిచాను.

"నన్నేం చెయ్యమంటవ్?" అంది నీలవేణి కళ్లు ఒత్తుకుంటూ.

"నీ బదిలీ కోసం ఉద్యోగం వదిలా. ఇల్లు వదిలా!"

"ఇల్లు అప్పుడే వదలమని నేను చెప్పిన్నా? ఆగు, చేతికి కాగితం రానియ్యి అన్నా. నా మాట ఎన్నడు విన్నవ్?"

"ఆగితే ఇంకో నెల ఆగాలంటివి గదా! మళ్లీ నువ్వే తొందర పెడితివి!"

రెండు నిమిషాల్లో మేం నటిస్తున్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఆ ఇల్లు ఇక దొరకదని ఇద్దరికీ తెలుసు. ఈ బదిలీ పోతే మాకు ఉద్యోగం ఒక్కటి, ఇల్లు సున్న. ఆ భయం ఇద్దరి గొంతుల్లోంచీ ఒక్కసారే బయటికొచ్చింది. ఇందుజ నిజంగానే అన్నం తినడం మానేసి బిక్కమొహం వేసుకుని కూర్చుంది. చివరికి నీలవేణి లేచి దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

ఓలా పెన్సిల్‌తో రాసుకున్నది తలకిందులుగా చదివాను. 'కుటుంబ సభ్యుల మధ్య ఆరోగ్యకరమైన, బాహాటమైన సంభాషణ. ఘాతం లేదు.'

ఆరు వారాలూ గడిచాయి. మార్చి మధ్యలో ఆఖరి సమావేశం పెట్టారు. గునిల్లా దిగులుగా కాగితాలు తిరగేసి, చివరి అవకాశంగా ఒక ప్రశ్న అడిగింది.

"మీ జీవితములో ఎప్పుడైనను, ఎచ్చటనైనను, సాంస్కృతిక ఘాతము అనుభవించియున్నారా?"

నేను లేదని చెప్పబోయాను. నీలవేణి మాట్లాడింది.

"ఇక్కడికొచ్చిన మొదటి నవంబరు," అంది. "మధ్యాహ్నం నాలుగు గాక ముందే చీకటి పడేది. ఈయన ట్రామ్ శిక్షణకని పొద్దున పోతే చీకటి పడ్డంక వచ్చేటోడు. నాకింకా ఉద్యోగం లేదు. మెట్ల మీద మనుషుల అడుగులు వినపడేవి, మాట వినపడేది కాదు. ఫోను చేస్తే టైమెంతో చెప్పే నంబరు ఒకటుంది కదా? రోజూ దానికి ఫోన్ చేసేదాన్ని. టైము కోసం కాదు. ఒక మనిషి గొంతు వినడానికి."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఆమె వైపు చూశాను. ఆమె బల్ల వైపు చూస్తోంది.

ఓలా పెన్సిల్ ఆగకుండా పరిగెత్తింది. ఆకలి మందగించుట, ఉంది. అకారణ రోదన, ఉంది. నలభై రెండుకు నలభై రెండు.

"అయిదవ స్థాయి!" అంది గునిల్లా సంతోషం పట్టలేక. లేచి నీలవేణి చెయ్యి పట్టుకుని ఊపింది. "అభినందనలు!"

"అయితే మస్కట్ పోవచ్చా?" అన్నాను.

గునిల్లా కూర్చుని నియమావళి తెరిచింది. చదువుతున్నకొద్దీ ఆవిడ నవ్వు సన్నబడింది. "ఘాతము నమోదైనది. కానీ అది స్వీడన్ దేశము ఖాతాలో నమోదైనది. ఒక దేశములో తగిలిన ఘాతము మానక మునుపు కుటుంబమును వేరొక దేశమునకు తరలించరాదు. ముందుగా మీరు స్వీడన్‌కు అలవాటు పడవలెను."

"మేం పదకొండేళ్లుగా స్వీడన్లోనే ఉన్నాం," అన్నాను. "మా పాస్‌పోర్టులు కూడా స్వీడన్‌వే."

"అవును," అంది ఆవిడ బాధగా. "పూర్వాభ్యాసము లేకుండా ఉన్నారు."

మార్చి ఇరవై నుంచి ఆరు వారాల పాటు స్వీడన్ రిహార్సల్ అని ఉత్తర్వు ఇచ్చారు. అదే ఫ్లాటు. హీటర్లు తీసేశారు, పసుపు దీపం ఊడదీశారు. తలుపు మీద ఇత్తడి పలక మార్చి 'స్వీడన్' అని పెట్టారు. ఈసారి ఓలా లోపలికి రాడు. స్వీడిష్ జీవన విధానంలో పిలవని మనిషి గడప దాటడమే అపచారం కాబట్టి, మంగళ, శుక్రవారాల్లో మెట్ల మీద నిలబడి గమనిస్తాడు.

ఆ ఆరు వారాలు ఏప్రిల్ ఆఖరుకి అవుతాయి. ప్లాంటులో నీళ్లు వదిలేది ఏప్రిల్ పది.

నీలవేణి తన పై అధికారి యోరన్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"నువ్వు పదో తారీకులోపు అక్కడ లేకపోతే నేను మత్తియాస్‌ని పంపాలి," అన్నాడు యోరన్ తల దించుకుని. "అతను ఒంటరివాడు. కుటుంబం లేదు కాబట్టి రిహార్సల్ అక్కర్లేదు."

"మత్తియాస్‌కి ఆ గొట్టం ఏ వైపు నుంచి బిగిస్తరో తెలుసునా?"

"తెలియదు. కానీ అతని కాగితాలు సరిగ్గా ఉన్నాయి."

నీలవేణి యోరన్ బల్ల మీది కేలండరు తన వైపు తిప్పుకుంది. ఆ పదేళ్లలో ఆమె ఎన్ని శనివారాలు ఆ గొట్టం పక్కన గడిపిందో నాకు తెలుసు. ఇందుజ పుట్టిన ఏడాది ఉయ్యాల పక్కన దాని బొమ్మలు గీసేది.

"నాకు సెలవులెన్ని మిగిలినయ్?" అంది.

యోరన్ కంప్యూటర్లో చూశాడు. శని, ఆదివారాలు కాక ఇరవై ఎనిమిది రోజులున్నాయి.

"రేపటి సంది అన్నీ పెట్టుకుంటున్న."

సెలవులు వేరే విభాగం చూస్తుంది. ఆ విభాగానికి నియమాలు లేవు, ఒక మీట మాత్రం ఉంది. నొక్కగానే మంజూరైంది. సెలవు ఎక్కడ గడుపుతారని అడిగే గడి ఆ ఫారంలో లేదు.

"మేము విహారయాత్రకి పోతున్నం," అంది నీలవేణి లేస్తూ. "వేడి దేశం."

యోరన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈ మధ్య నాకు సరిగ్గా వినపడటం లేదు," అన్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఫ్లాటుకి తాళం వేసి, నాలుగు పెట్టెలతో విమానాశ్రయానికి వెళ్లిపోయాం.

మస్కట్‌లో ప్లాంటు వాళ్లు మాకిచ్చిన ఇంట్లో ప్రతి గదికీ ఏసీ ఉంది. మొదటిరోజు ఇందుజ చలేస్తోందని దుప్పటి అడిగింది. నీలవేణి ఆ సాయంత్రమే ప్లాంటుకి వెళ్లింది. పద్దెనిమిది రోజులు పొద్దున్నే ఆరింటికి వెళ్లి, ముక్కు మీద ఉప్పు చారలతో ఇంటికి వచ్చేది. సెలవులో అంత కష్టపడిన మనిషిని నేను చూడలేదు.

ఏప్రిల్ పదిన నేనూ ఇందుజా కూడా వెళ్లాం. స్వీడన్ నుంచి కంపెనీ పెద్దాయన వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. పంపులు మొదలయ్యాక తొమ్మిది నిమిషాలు అందరూ గొట్టాల వంకే చూస్తూ నిలబడ్డారు. తర్వాత చివరి కుళాయిలోంచి నీళ్లొచ్చాయి. అందరూ ముందు పెద్దాయనకి గ్లాసు ఇవ్వబోతే, మస్కట్ ప్లాంటు మేనేజరు ఆ గ్లాసు తీసుకొచ్చి నీలవేణి చేతిలో పెట్టాడు. ఆమె ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. నా వైపు తిరిగి తెలుగులో, "చప్పగున్నయ్," అంది. అంతకంటే సంతోషంగా ఆ మాట ఎవరూ అనలేరు.

పెద్దాయన ఆమెతో ఫోటో దిగాడు. ఎప్పుడొచ్చారని అడగలేదు. ఇంజనీరు ప్లాంటు దగ్గర ఉండటం ఆయనకి వింతగా తోచలేదు.

తర్వాత మూడు వారాలూ ఇద్దరం లోలోపల బిక్కుబిక్కుమంటూనే ఉన్నాం. సెలవులు అయిపోతే ఏం చెప్పాలో తెలియదు. మే మొదటి వారంలో తరలింపు సంసిద్ధతా విభాగం నుంచి, స్కాన్ చేసిన నివేదికతో మెయిలు వచ్చింది. నీలవేణి తెరవలేక ఫోను నాకిచ్చింది. నేను పైకి చదివాను.

'స్వీడన్ పూర్వాభ్యాసము, తుది నివేదిక. శబ్దము: ఆరు వారములలో ఒక్కమారు కూడ వినబడలేదు. ఇరుగుపొరుగు వారితో అనవసర సంభాషణ: లేదు. అతిథులు: లేరు. చెత్త వేరుచేయుటలో దోషములు: ఒక్కటియు లేదు. ఉమ్మడి లాండ్రీ గదిని ఇతరుల సమయములో వాడుట: లేదు. రెండు మార్లు తలుపు తట్టగా తెరవలేదు. వ్యక్తిగత పరిధిపై లోతైన అవగాహన కనబరచినారు. మొత్తము మార్కులు: నూటికి నూరు.'

కింద గునిల్లా సొంతంగా రాసింది. స్వీడన్ జీవితంలో ఇంత సంపూర్ణంగా కలిసిపోయిన కుటుంబం విభాగం చరిత్రలో లేదట. ప్రతి గురువారం కొత్త కుటుంబాలను తీసుకొచ్చి మా తలుపు ముందు పది నిమిషాలు మౌనంగా నిలబెట్టి శిక్షణ ఇస్తున్నారట. మా ఘాతం పూర్తిగా మానింది కాబట్టి మస్కట్ తరలింపునకు అనుమతి మంజూరు చేస్తున్నారట. వెళ్లేటప్పుడు మాత్రం, శిక్షణకు భంగం కలగకుండా, చప్పుడు చేయకుండా వెళ్లాలని మనవి.

నేను నవ్వి నవ్వి సోఫాలో పడ్డాను. ఇందుజ కూడా నవ్వింది. నీలవేణి ఫోను తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివింది.

"పదకొండేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉన్నం గదా," అంది నెమ్మదిగా. "చప్పుడు గాకుండ నడిచినం, పోపు పెడితే కిటికీలు మూసినం. మనం ఉన్నన్నాళ్లూ ఇన్ని మార్కులు ఎన్నడన్నా వచ్చినయా?"

ఆమె వేలితో తెరను ఇంకా కిందికి జరిపింది. నివేదిక ఆఖరి పేజీలో, పరిశీలకుడి సంతకం కింద, పెన్సిల్‌తో రాసిన ఒక చిన్న వాక్యం ఉంది. ఓలా దస్తూరి.

'మెట్ల మీద ఆరు వారాలు చాలా నిశ్శబ్దంగా గడిచాయి. అక్కడ ఎలా ఉన్నారు?'

నీలవేణి ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మస్కట్‌లో మా ఇంటి నంబరు, వీధి పేరు టైపు చేసి, భోజనం వేళకి రమ్మని రాసి పంపింది.